99 రూపాయలు అడిగానని 1 స్టార్లు. పంచాంగం యాప్ నడపాలా, మూసేయాలా?

తిథి_బగ్గు
ఉగాది వెళ్ళి పది రోజులైంది, నాకు మాత్రం వేపపువ్వు చేదు ఇంకా దిగలేదు. మూడేళ్ళుగా తెలుగు క్యాలెండర్ యాప్ ఒకటి ఒక్కడినే నడుపుతున్నాను. కోడు నాదే, బొమ్మలు నావే, తిట్లు తినేదీ నేనే. ఏడాదిన్నర క్రితం హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చేశాను. ఇంట్లో ముందుగదే ఆఫీసు.

ఆదాయమంతా తెర అడుగున వచ్చే బ్యానర్ యాడ్ మీదే. ఉగాదికి ముందు రెండు వారాలు డౌన్‌లోడ్లు పోటెత్తుతాయి. శ్రావణంలో కాస్త, కార్తీకంలో కాస్త. ఆషాఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే. పోయిన ఆషాఢంలో వచ్చింది కరెంటు బిల్లుకీ నెట్‌కీ సరిపోయింది.

అందుకని ఈసారి పండగ మర్నాడు, 2026 మార్చి 20న, కొత్త వెర్షన్ వదిలాను. యాడ్స్ వద్దనుకునేవాళ్ళు ఏడాదికి 99 రూపాయలు కట్టొచ్చు. ఉచితంగా వాడుకునేవాళ్ళకి ఒక్క అక్షరం కూడా మార్చలేదు. రేటింగు 4.6 నుంచి 4.1కి పడింది. వచ్చిన రివ్యూల్లో మూడు చూడండి:

"దేవుడి పేరు చెప్పి వ్యాపారం." 1 స్టార్.
"మా కిరాణా కొట్టాయన క్యాలెండర్ ఊరికే ఇస్తాడు. నీకు 99 ఎందుకు?" 1 స్టార్.
"చాలా బాగుంది. రోజూ పొద్దున్నే చూస్తాను." 1 స్టార్.

మూడోది ఏంటో నాకు అర్థం కాలేదు. ఇంట్లో మళ్ళీ ఉద్యోగం మాట మొదలైంది. ఈ 99 తీసేయాలా, మొండిగా ఉంచాలా, అసలు యాప్ మూసేసి హైదరాబాద్ బస్సెక్కాలా?

బెజవాడ_బైట్
మూడో ఆయన మీకు ఫస్ట్ ర్యాంక్ ఇచ్చాడన్నా. మా మామయ్యా అంతే, ఒకటో నక్షత్రం అంటే ఒకటో స్థానం అనుకుంటాడు. మొన్న గ్యాస్ బుకింగ్ యాప్‌కి కూడా ఒకటే ఇచ్చి "మొదటి బహుమతి" అన్నాడు.

చేదు_కాకర
తెలుగువాళ్ళు సినిమాకి మొదటి రోజు టికెట్టు ఎంతైనా కొంటారు, బిర్యానీకి పెడతారు. యాప్‌కి పది రూపాయలు పెట్టరు. 2017 నుంచి చూస్తున్నాను. మూడు యాప్‌లు పెట్టాను, మూడూ ఉచితంగానే బతికాయి, ఉచితంగానే పోయాయి. బస్సెక్కు తమ్ముడూ.

ఓరుగల్లు_స్వాతి
@చేదు_కాకర, మరి ఏటా ఉగాదికి ముందు పుస్తకాల కొట్టు దగ్గర నిలబడి పంచాంగం కొనేది ఎవరు? మా నాన్న ఒకటి కాదు, రెండు కొంటాడు. ఇద్దరు సిద్ధాంతులవి. ఒకాయన చెప్పిన ఆదాయ వ్యయాలు నచ్చకపోతే రెండో ఆయనది తీస్తాడు.

తిథి_బగ్గు గారూ, మీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది. మీరు "క్యాలెండర్ యాప్" అన్నారు. క్యాలెండర్ అంటే బంగారం కొట్టువాడు లక్ష్మీదేవి బొమ్మ వేసి చేతిలో పెట్టేది. దాన్ని ఎవరూ డబ్బిచ్చి కొనరు, మేకుకి తగిలిస్తారు అంతే. పంచాంగం అయితే కొంటారు. అందులో ఉన్నవి చాలావరకు అవే తిథులు, అవే వర్జ్యాలు. మీ రెండో రివ్యూ రాసినాయన తప్పేం అనలేదు.

తిథి_బగ్గు
ఈ మాట మూడేళ్ళ క్రితం చెప్పుంటే పేరు మార్చి పెట్టేవాణ్ణి. ఇప్పుడు మార్చితే "క్యాలెండర్" అని వెతికి వచ్చేవాళ్ళు పోతారేమోనని భయం.

చెట్టుకింద_సర్వర్
"ఒక్క అక్షరం కూడా మార్చలేదు" అన్నావు. ఇప్పుడే నీ యాప్ దించుకుని చూశాను. తెరవగానే తిథి లేదు, వారం లేదు, నెమలి రంగు బోర్డు మీద "ప్రీమియం 99". మూసే గుర్తు కుడి మూల, లేత బూడిద రంగులో, ఆవగింజంత. నాకు యాభై రెండేళ్ళు. కళ్ళజోడు ఉన్నా మూడుసార్లు నొక్కితే గానీ అది పోలేదు. రెండుసార్లు వేలు కొనే బటన్ మీద పడింది.

నీ యాప్ వాడేది ఎవరు? పొద్దున్నే స్నానం చేసి, తడి చేత్తో, రాహుకాలం ఎన్నింటికో చూసి బయల్దేరే మనుషులు. వాళ్ళని గుమ్మంలో ఆపి డబ్బులడిగావు. 99 కాదు, 9 రూపాయలడిగినా తిడతారు.

తిథి_బగ్గు
దొరికిపోయాను. లోపల ఏమీ మార్చలేదు అనే ఉద్దేశంతో రాశాను గానీ, ఆ బోర్డు సంగతి దాచిన మాట నిజమే. ఒక వీడియోలో చూసి పెట్టాను, యాప్ తెరవగానే అడిగితే ఎక్కువమంది కొంటారన్నారు.

చేదు_కాకర
ఆ వీడియో చేసినాయన పంచాంగం యాప్ నడపడు కదా. ఫిట్‌నెస్ యాప్ అయ్యుంటుంది. వర్జ్యం చూసుకునేవాడి తొందర వేరు, పొట్ట తగ్గాలనుకునేవాడి తొందర వేరు.

పైసా_పరంధామయ్య
బోర్డు సంగతి అలా ఉంచండి, ఏటేటా తీసుకోవడమే మన దగ్గర ఇబ్బంది. నేను పేమెంట్ల సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నాను. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం, ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యేముందు కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్ళాలి. నిబంధన మంచిదే. ఇప్పుడు ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. ఏడాది క్రితం 99 కట్టిన సంగతి మర్చిపోయాడు. "రేపు మీ ఖాతా నుంచి 99 కట్ అవుతుంది" అని మెసేజ్ వస్తుంది. సైబర్ మోసం అనుకుని కొడుక్కి ఫోన్ చేస్తాడు. కొడుకు ఏం చెప్తాడు? "ముందు ఆపెయ్ నాన్నా."

ప్లే స్టోర్‌లో యూపీఐ ఆటోపే 2022 నవంబర్‌లో వచ్చింది కాబట్టి కార్డు లేనివాళ్ళూ కట్టగలరు, అది మేలే. కానీ ఆటోపే అనే మాట వింటేనే భయపడేవాళ్ళు మీ కస్టమర్లు. ఒకేసారి తీసుకోండి. "జీవితాంతం యాడ్స్ ఉండవు, మళ్ళీ కట్టక్కర్లేదు" అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయండి.

బెజవాడ_బైట్
జీవితాంతం ఎవరిది? ఆయనదా, యాప్‌దా?

పైసా_పరంధామయ్య
@బెజవాడ_బైట్ ఎవరిది ముందైతే వారిది.

ఓరుగల్లు_స్వాతి
ఇంకో చిక్కు కూడా ఉంది. నేను పిల్లలకి గుణింతాలు నేర్పే యాప్ నడుపుతాను. వాడేది పిల్ల, ఫోను అమ్మమ్మది, ఆ ఫోనులో గూగుల్ ఖాతా బెంగళూరులో ఉన్న మేనమామది. "కొనుక్కున్నాను కానీ రాలేదు" అని మెయిల్ వస్తే సగం కేసులు ఇవే. ఒక ఖాతాలో కొని ఇంకో ఖాతాలో వెతుకుతారు. ఇప్పుడు కొనే పేజీలోనే "ఈ ఫోనులో ఉన్న ఖాతా ఇది" అని మెయిల్ ఐడీ చూపించి తర్వాతే ముందుకు పోనిస్తున్నా. మెయిళ్ళు బాగా తగ్గాయి.

కొత్త_కొబ్బరికాయ
నేను డబ్బుల దాకా రాలేదండీ, నాది 12 మంది దగ్గరే ఆగింది. కొత్తగా తెరిచిన వ్యక్తిగత ఖాతా కాబట్టి ప్లే స్టోర్‌లో అందరికీ వదిలేముందు 12 మంది టెస్టర్లు 14 రోజులపాటు ఆపకుండా టెస్టులో ఉండాలి. పదకొండో రోజున మా బావ ఫోన్ రీసెట్ చేశాడు.

చెట్టుకింద_సర్వర్
సంతోషించు, మొదట్లో అది 20 మంది. 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించారు. పన్నెండు కావాలంటే పదిహేను మందిని పెట్టుకో. పెళ్ళికి విస్తర్లు లెక్క పెట్టినట్టు, వచ్చేవాళ్ళ కంటే నాలుగు ఎక్కువే ఉండాలి.

ఓరుగల్లు_స్వాతి
మా అపార్ట్‌మెంట్ ఆంటీల గ్రూపులో అడుగు. నా రెండో యాప్‌కి వాళ్ళే టెస్టర్లు. రోజూ తెరవమన్నాను, తెరిచారు. దాంతోపాటు రంగు బాలేదని, బొమ్మ బాలేదని, నేను సన్నబడ్డానని కూడా చెప్పారు.

డాలస్_దాసు
చేదు_కాకర గారి మాట నేను ఒప్పుకోను. తిథి_బగ్గు గారి యాప్ మా ఇంట్లో రెండేళ్ళుగా వాడుతున్నాం. 99 రూపాయలంటే ఇక్కడ కాఫీ కూడా రాదు. మీరు మాకు అడిగే ధర మార్చుకోవచ్చు కదా, ఒక్కో దేశానికి ఒక్కో ధర పెట్టే వీలు స్టోర్‌లోనే ఉంది.

కానీ యాడ్ పోతుందని డబ్బు కట్టను. నాకు కావలసింది వేరు. మా నాన్నగారు పోయింది మార్గశిర బహుళ నవమి. ఏటా ఇండియాలో అన్నయ్యకి ఫోన్ చేసి "ఈసారి ఏ తారీఖు?" అని అడుగుతాను. అక్కడి తారీఖు ఇక్కడ సరిపోకపోవచ్చని మా పురోహితుడు మళ్ళీ లెక్కేస్తాడు. పోయిన తేదీ, ఊరు ఇస్తే ఏటా తద్దినం ఏ రోజో, నేనున్న ఊరి లెక్కన, పది రోజుల ముందు చెప్పే యాప్ ఉంటే పది డాలర్లు కాదు, ఇరవై ఇస్తాను. దీనికి నేను బేరమాడను.

పనిలో పని. మార్చి 8న ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ వారమంతా మీ యాప్‌లో రాహుకాలం గంట తేడాగా చూపించింది. మా ఆవిడ రాహుకాలంలోనే కారు డెలివరీ తీసుకుంది. ఇప్పటిదాకా ఏమీ కాలేదు లెండి.

తిథి_బగ్గు
గడియారం బగ్గు తెలుసండీ, 13న సరిచేశాను. కారుకి నాదీ పూచీ. తద్దినం మాట మాత్రం ఇప్పటిదాకా ముగ్గురు మెయిల్ చేశారు, ముగ్గురూ బయటి దేశాల వాళ్ళే. అశుభం అని యాప్‌లో పెట్టడానికి వెనకాడాను.

ఓరుగల్లు_స్వాతి
తల్లిదండ్రుల తిథి అశుభం ఏంటండీ. మర్చిపోతేనే కదా బాధ.

గోదారి_గడ్డ
నేను ఊరికే చదివి పోయేవాణ్ణి, ఒక డౌటుతో వచ్చాను. ఈసారి మార్చి 19న సూర్యోదయానికి అమావాస్యే ఉంది కదా? మా ఇంట్లో పెద్ద గొడవ. అమావాస్య నాడు ఉగాది ఏంటని మా బాబాయి పచ్చడి తినడానికి ఎనిమిదింటిదాకా ఆగాడు. మీ యాప్ ఏం చూపించింది?

తిథి_బగ్గు
ఇది అడగకుండా ఉంటే బాగుండేది. సరే, చెప్తాను.

జనవరిలో ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి గేటు చప్పుడైంది. పంచె కట్టుకుని, చంకలో గుడ్డ సంచితో ఒక పెద్దాయన. "ఈ క్యాలెండర్ పెట్టింది నువ్వేనా నాయనా?" అన్నారు. తణుకు నుంచి బస్సులో వచ్చారట. రిటైరైన తెలుగు మాస్టారు. యాప్‌లో డబ్బు సంపాదిస్తుంటే వ్యక్తిగత ఖాతా ఉన్నవాళ్ళ పూర్తి చిరునామా ప్లే స్టోర్ పేజీలో కనపడుతుంది, మీకు తెలిసిందే. మనవడి చేత అది చదివించుకుని, కాగితం మీద రాసుకుని, నేరుగా ఇంటికే వచ్చేశారు. మెయిల్ పెట్టొచ్చు కదండీ అంటే, "ఇలాంటివి మనిషిని చూసి చెప్పాలి" అన్నారు.

మా అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన ఫోన్ తీసి మార్చి నెల పెట్టారు. 19 అమావాస్య. 20 విదియ. "పాడ్యమి ఏదోయ్? ఉగాది ఏదీ?" నెల మొత్తం కిందికీ పైకీ జరిపాను. ఉగాది లేదు. తెలుగు క్యాలెండర్ యాప్‌లో ఉగాది లేదు!

నేను రాసిన సూత్రం ఇదీ: సూర్యోదయానికి చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజే ఉగాది. పోయిన ఏళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఈసారి పాడ్యమి 19న ఉదయం ఏడింటికి కొద్ది నిమిషాల ముందు మొదలైంది. మా ఊళ్ళో సూర్యుడు అప్పటికే ముప్పావు గంట క్రితం వచ్చేశాడు. మర్నాడు తెల్లవారుజామున ఐదు కాకముందే పాడ్యమి అయిపోయింది, 20న సూర్యోదయానికి విదియ. అంటే రెండు సూర్యోదయాల మధ్యలో పుట్టి మధ్యలోనే పోయింది. క్షయ తిథి. నా కోడు 19ని అడిగింది, లేదంది. 20ని అడిగింది, లేదంది. నోరు మూసుకుని ముందుకు పోయింది.

ఇంకా తమాషా ఏమిటంటే, ఊరు డాలస్ అని మార్చి చూస్తే ఉగాది ఉంది. అక్కడ పాడ్యమి 18 రాత్రే మొదలవుతుంది, 19 పొద్దున సూర్యోదయానికి శుభ్రంగా ఉంటుంది. నా యాప్ లెక్కన ఈ ఏడాది ఉగాది అమెరికాకి ఉంది, ఆంధ్రాకి లేదు.

మాస్టారు సంచిలోంచి పాత పంచాంగాలు తీసి, క్షయమైతే ఆ పాడ్యమి ఏ రోజులో ఇమిడిందో ఆ రోజే తీసుకోవాలని వేలు పెట్టి చూపించారు. ఆ రాత్రే మార్చాను. ఉగాదికి రెండు నెలల ముందు తెలిసింది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ చేస్తారు, తప్పుల జాబితాతో.

గోదారి_గడ్డ
మా బాబాయి ఏడింటికే తినుండొచ్చన్నమాట. ఇది చూపిస్తాను, ఇంకో గొడవ.

చేదు_కాకర
నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ మాస్టారు 99 కట్టారా? అది చెప్పు.

తిథి_బగ్గు
@చేదు_కాకర ఆయన దగ్గర ఎలా తీసుకుంటానండీ.

చేదు_కాకర
అదీ సంగతి. తెలిసినవాళ్ళ దగ్గర మొహమాటం, తెలియనివాళ్ళ దగ్గర బోర్డు.

ఓరుగల్లు_స్వాతి
ఆ చిరునామా కథ మీకు తీపి జ్ఞాపకం. నాకైతే అర్ధరాత్రి దాకా టెన్షన్. ఒక్కదాన్నే ఉండేదాన్ని, ఇంటి నంబరు తలుపు గొళ్ళెంతో సహా లోకానికి కనపడుతోంది. అందుకే ఒక కోవర్కింగ్ ఆఫీసులో చిరునామా తీసుకుని అది పెట్టాను. నెల నెలా ఖర్చే, కానీ నిద్ర పడుతోంది. కొత్త_కొబ్బరికాయ, డబ్బు సంపాదించడం మొదలుపెట్టకముందే ఇది ఆలోచించుకో.

బెజవాడ_బైట్
చిరునామా కాదు, నా శత్రువు ఇంట్లోనే ఉంది. యాడ్ మీద నొక్కితే కొడుక్కి డబ్బొస్తుందని మా అమ్మకి ఎవరో చెప్పారు. పూజ అయ్యాక రోజూ పదిహేనుసార్లు నొక్కేది, జపంలాగా. పక్కింటి ఆవిడ చేత కూడా నొక్కించింది. యాడ్ నెట్‌వర్క్ వాళ్ళు అక్రమ క్లిక్కులని చెప్పి నెల రోజులు యాడ్లు ఆపేశారు. అమ్మకి చెప్తే "ఇంకా ఎక్కువ నొక్కాలేమో" అంది.

నిద్రలేని_నరసాపురం
పెళ్ళి కానివాళ్ళు ఉద్యోగం మానేముందు ఒక్కసారి ఆలోచించండి. పోయిన నెల పెళ్ళిచూపులు. అమ్మాయి నాన్నగారు "ఏ కంపెనీ బాబూ?" అన్నారు. సొంతంగా యాప్స్ చేస్తానండీ అన్నా. "అంటే ఖాళీగా ఉంటున్నావా?" ఫోన్ తీసి యాప్ చూపించాను. పొలం సర్వే కొలతలు ఎకరాలు, సెంట్లలోకి మార్చేది. ఆయనకి తెగ నచ్చింది. తన పొలం లెక్క అక్కడే వేసుకున్నారు. సంబంధం కుదరలేదు గానీ ఆయన ఇప్పటికీ రోజువారీ యూజరు. 5 స్టార్లు కూడా ఇచ్చారు.

కొత్త_కొబ్బరికాయ
నరసాపురం అన్నా, ఆ యాప్‌కి ఎంతొస్తుంది?

నిద్రలేని_నరసాపురం
రిజిస్ట్రేషన్లు జోరుగా ఉన్న నెలలో బాగా. మూఢంలో తక్కువ. అంటే నాదీ పంచాంగం యాపే ఒక రకంగా.

లెక్కల_మాస్టారు
నా క్లయింట్లలో యాప్‌లు చేసేవాళ్ళు నలుగురు ఉన్నారు, నలుగురూ ఒకే తప్పు చేశారు. ఉగాది డబ్బు మార్చిలో వచ్చినట్టు డ్యాష్‌బోర్డులో కనపడుతుంది, చేతికి వచ్చేది ఏప్రిల్ మూడో వారం దాటాక. ఆలోగా ఖర్చుపెట్టేస్తారు. అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి గడువు మార్చి 15 అని ఎవరికీ గుర్తుండదు. బయటి దేశం నుంచి వచ్చే యాడ్ డబ్బుకి బ్యాంకు ఇచ్చే కాగితం ప్రతి నెలా దాచుకోండి. సేవల మీద మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేలా ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి ముందే మాట్లాడుకోవాలి. పన్ను కట్టకుండా ఎగుమతి కింద చూపాలంటే ఎల్‌యూటీ, అంటే జీఎస్టీ వాళ్ళకి ఇచ్చే హామీ పత్రం, దాఖలు చేయాలి, అది ఏటా కొత్తగా. ఇంకోటి, హోమ్ లోన్‌కి పోతే పే స్లిప్ అడుగుతారు, మీ దగ్గర ఉండదు. రిటర్నులే మీ పే స్లిప్పులు, వేయడం మానొద్దు.

బెజవాడ_బైట్
20 లక్షల దాకా వస్తే మా అమ్మని ఆపేవాణ్ణే కాదు.

చెట్టుకింద_సర్వర్
తిథి_బగ్గు, నీ ప్రశ్నకి వస్తాను. బస్సెక్కొద్దు, అలాగని పూర్తిగా యాప్ మీదే కూర్చోకు. నేను 2012 నుంచి ఇందులో ఉన్నాను. వారంలో మూడు రోజులు వేరేవాళ్ళ పని, మిగతా రోజులు నాది. ఆషాఢం ఖర్చు వాళ్ళది, శ్రావణం నాది. అహం దెబ్బతింటుంది, ఇల్లు గడుస్తుంది.

మరీ ఐఫోన్‌కి కూడా పెట్టాలని ఇప్పుడే ఉరకకు. ప్లే స్టోర్‌కి 25 డాలర్లు ఒక్కసారి కడితే అయిపోయింది. యాపిల్ వాళ్ళది ఏడాదికి 99 డాలర్లు, వచ్చినా రాకపోయినా. ముందు తద్దినం ఫీచర్ పెట్టి చూడు. డాలస్ ఆయనలాంటివాళ్ళు అడిగితే, ఆ డబ్బుతోనే ఐఫోన్ ఫీజు కట్టు.

డాలస్_దాసు
అడుగుతున్నానుగా. మాది ఐఫోనే, మా ఆవిడది ఆండ్రాయిడ్. ఆవిడ ఫోన్ అడుక్కుని తిథి చూసుకుంటున్నా.

చేదు_కాకర
స్టోర్ వాటా మర్చిపోవద్దు. ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా 30 శాతం ఉన్నది 2021 జూలైలో 15 చేశారు. అంటే పన్నుల సంగతి పక్కన పెడితే 99లో చేతికి 84. పది లక్షల డాలర్లు దాటితే ఎంతో నేను చెప్పను, నీకా అవసరం రాదు.

ఓరుగల్లు_స్వాతి
మీరు ఈ చర్చలో ఉన్నంతసేపూ ఎవరికీ దృష్టి తగలదు చేదు_కాకర గారూ.

తిథి_బగ్గు
మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. చేసినవి ఇవి.

బోర్డు పీకేశాను. ఇప్పుడు యాప్ తెరవగానే తిథే. 99 సంగతి సెట్టింగుల్లో అడుగున ఉంది, ఏటేటా తీసేసి ఒక్కసారి 149 చేశాను. రేటింగు 4.3కి వచ్చింది. 149 కట్టినవాళ్ళు ఇప్పటికి ముప్పై ఎనిమిది మంది. గొప్పేం కాదు.

తద్దినం ఫీచర్ పది రోజుల్లో రాసేద్దామనుకున్నాను. మాస్టారికి చెప్తే నవ్వారు. ఉగాదికి సూర్యోదయం తిథి చూస్తాం, ఆబ్దికానికి, అంటే తద్దినానికి, అపరాహ్ణంలో ఉన్న తిథి చూడాలట. అంటే పగటిని ఐదు భాగాలు చేసి నాలుగోది. మొత్తం లెక్క తిరగరాశాను. పేరు "పితృ తిథి" అని పెట్టాను, పేరు మాస్టారిదే. బయటి దేశాల్లో ధర 9.99 డాలర్లు. నాలుగు రోజుల్లో పదకొండు మంది కొన్నారు. బ్యానర్ యాడ్ మీద వేసవి నెల మొత్తం వచ్చేదానికంటే ఎక్కువ. వారానికి మూడు రోజుల పని ఒకటి కాకినాడ వాళ్ళ దగ్గర దొరికింది, సోమవారం మొదలు.

మాస్టారి ఫోనులో కూడా యాడ్స్ తీసేద్దామని ఉచిత కూపన్ కోడ్ పంపాను. తీసుకోలేదు. మనవడి చేత 149 కట్టించి, రసీదు స్క్రీన్‌షాట్ నాకు వాట్సాప్ చేశారు. @చేదు_కాకర, మీరు అడిగారని చెప్తున్నాను.

చేదు_కాకర
సరే. ఒక తెలుగువాడు కట్టాడు.

డాలస్_దాసు
పదకొండు మందిలో నేనొకణ్ణి. నాన్నగారి తిథి సరిగ్గానే వచ్చింది, మా పురోహితుడి లెక్కతో కలిసింది. ఒక్క డౌటు. మే 17 నుంచి అధిక జ్యేష్ఠం కదా, ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది. మా అత్తగారిది జ్యేష్ఠ శుద్ధ దశమి. మీ యాప్ మే నెలలో ఒకటి, జూన్‌లో ఒకటి, రెండు తారీఖులు చూపిస్తోంది. ఏది?

తిథి_బగ్గు
అయ్యో. 2023లో అధిక శ్రావణానికి కూడా ఇదే చేసింది, రెండు వరలక్ష్మీ వ్రతాలు చూపించింది. అప్పుడు వ్రతం వరకే సరిచేసి వదిలేశాను.

ఈ రాత్రికి చూస్తాను. ముందు తణుకు ఫోన్ చేయాలి, తొమ్మిది దాటితే మాస్టారు పడుకుంటారు.